పెద్ద జ్వరం

ఆ పొద్దు ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోయింది. తూర్పు కొండ మీద ఇంత ఎరుపు వచ్చినట్టే వచ్చింది, అంతలోనే మబ్బు కిందికి దిగి దాన్ని కప్పేసింది. చినుకు పడలేదు. ఆకు కదల్లేదు. ఇటువంటి పొద్దున పట్టుపురుగులు మేపేవాడు మల్బరీ తోటలోకి పోయి, ఆకును అరచేత రుద్ది చూస్తాడు. తడి తగిలితే కోయడు.

సుంకప్పకు ఆ రోజు ఆ పని లేదు. షెడ్డులో పురుగులు మూడో జ్వరానికి కూచున్నాయి.

జ్వరమంటే ఒళ్ళు కాలే జ్వరం కాదు. పురుగు పెరిగి, పైతోలు ఇరుకైనప్పుడు తినడం మానేస్తుంది. తల పైకెత్తి రాయి మాదిరి నిలబడిపోతుంది. లోపల కొత్త తోలు పుట్టి, పాతది చచ్చి విడిపోయేదాకా అంతే. హిందూపురం వైపు రైతులు దాన్నే జ్వరమంటారు. పుట్టినకాడి నుంచి గూడు కట్టేలోపల నాలుగుసార్లు వస్తుంది. నాలుగోది పెద్ద జ్వరం. జ్వరంలో ఉన్న పురుగుకు ఆకు వేయరు, తట్ట కదపరు. పొడిగా ఉండేటట్టు పైన సున్నం చల్లి గమ్మున ఉంటారు. పాత తోలు వదిలి పురుగు మెదిలితే జ్వరం లేచిందంటారు. తొందరపడి ముందే ఆకు వేసినవాడి పంట పోతుంది.

సున్నం చల్లి బయటికి వస్తున్న సుంకప్పకు గడప అవతల భార్య ఓబుళమ్మ కనపడింది. ఆమె లోపలికి రాదు. పొలుసుల జబ్బు ముదిరినప్పటి నుంచి ఆమెకు షెడ్డు గడప దాటే హక్కు లేదు. మోచేతుల మీద, మోకాళ్ళ మీద, నడుము చుట్టూ, తలలో వెండి రంగు పొట్టు అట్టలు కట్టి ఉంటుంది. గీరితే రాలుతుంది. రాలిన చోట నెత్తురు చుక్కలు లేస్తాయి. పొద్దునే లేచి తను పడుకున్న చాప కింద తనే చిమ్ముకుంటుంది.

"దినమూ ఇంత పొట్టు ఎత్తుతావు గదమే నీ చాప కింద" అంది తిప్పక్క, వసారాలో కూచుని రాగులు చెరుగుతూ. తిప్పక్క సుంకప్పకు అక్క. మొగుడు పోయినాక తమ్ముడి ఇంటికి వచ్చి ఇంటి పెత్తనం తీసుకుంది. "పురుగు నయం. నాలుగుసార్లు విడిచి ఊరుకుంటుంది. నువ్వు ఎప్పుడు ఊరుకుంటావో ఏమో."

"నేను కావాలని విడుస్తాండానా వదినా?"

"నేనట్ల అన్నానా? చూసేది చెప్పినా."

ఓబుళమ్మ చేతిలో ఫోను ఉంది. అందులో వియ్యపురాలు గౌరమ్మ గొంతు అప్పటికే మాట్లాడుతోంది. సుంకప్ప వచ్చాడని చెప్పి ఓబుళమ్మ స్పీకరు పెట్టింది.

"అన్నా, తప్పుగా అనుకోవద్దు. మీ పాప బాగుంది. తొలికాన్పు పుట్టింట్లోనే కావాలనేది మాకు తెలీదా? మా ఇంట్లోనూ ఆడపిల్లలుండారు. కానీ పచ్చిబిడ్డను ఆ పొట్టులో వేసి పడుకోబెట్టమంటే మా మనసు ఒప్పుకోదు. వదినకు నయమైతే పంపిస్తాం. నయం కాకుంటే పురుడు ఇక్కడే."

"అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పినాడమ్మా."

"పుట్టేది డాక్టరు బిడ్డ కాదు గదన్నా" అంది గౌరమ్మ, ఫోను పెట్టేసింది.

గౌరమ్మ ఆ ఇంటికి పెళ్ళి మాటల నాడు ఒకసారి వచ్చింది. గడప లోపల కాలు పెట్టి, మంచినీళ్ళ చెంబు అందుకోకుండానే వెళ్ళిపోయింది. కూతురు భాగ్యకు ఇప్పుడు నెలలు నిండుతున్నాయి.

"నాకు ఏమైనా కానీ" అంది ఓబుళమ్మ, భర్త వైపు చూడకుండా. "పాప ఇంటికి రావల్ల. ఆ మేడం దగ్గరికి తీసకపో నన్ను."

*

ఆ మేడం డాక్టర్ వాసంతి. ఊరవతల మెట్ట భూమిలో కట్టిన పరిశోధనశాలకు ఆమే పెద్ద. కృష్ణా జిల్లా మనిషి. పండిన పురుగుల కోసం సుంకప్ప షెడ్డుకు వస్తూపోతూ ఉండేది. గూడు కట్టడానికి సిద్ధమై, ఒళ్ళు పసుపురంగుకు తిరిగి, వెలుతురుకు అడ్డం పెడితే అటుపక్కది కనిపించే పురుగులే ఆమెకు కావాలి. అవి ఎందుకో సుంకప్ప ఎప్పుడూ అడగలేదు. భార్యను తీసుకుపోయిన రోజు ఆమే చూపించింది.

బల్ల మీద పురుగును నిలువునా కోసి, కడుపులో మెలికలు తిరిగి ఉన్న తెల్లటి గొట్టాన్ని సూదితో పైకెత్తింది.

"పట్టుదారమంతా దీంట్లోదే. గూడు కట్టేశాక దీనికి పని లేదు. అప్పుడేమవుతుందో తెలుసా?"

"కరిగిపోతుంది మేడం. గూడు కోసి చూస్తే లోపల ఉండదు."

"తనే కరిగించుకుంటుంది. ఒంట్లోంచి ఒక మాట వస్తుంది, నీ వేళ అయిపోయిందని. అది విని ఒక్కో కణమూ తన లోపలి గుజ్జును తనే అరిగించుకుని చచ్చిపోతుంది. చీము లేదు, వాపు లేదు. ఆ మాటనే మేం పట్టుకున్నాం."

ఆమె ఓబుళమ్మ మోచేతి నుంచి గోరంత తోలు తీసి గాజుగిన్నెలో వేసింది. నొప్పికి ఓబుళమ్మ పెదవి కొరుక్కుంది కానీ చేయి వెనక్కి తీసుకోలేదు. వాసంతి ఆ గిన్నెను యంత్రం కింద పెట్టి, పక్కనున్న తెర వైపు తిప్పింది. తెర మీద ఓబుళమ్మ తోలు సంతలో జనం మాదిరి ఉంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఒకదాన్నొకటి తోసుకుంటున్న గుండ్రటి కణాలు.

"బాగున్న మనిషి చర్మంలో పైన కనిపించేదంతా చచ్చినదే" అంది వాసంతి. "అడుగున పుట్టిన కణం నిదానంగా పైకి ఎక్కుతూ, దారిలోనే చచ్చి, చదునై, ఇంటి మీద పెంకులా పరుచుకుంటుంది. అది సరిగ్గా చస్తేనే మనకు కప్పు. మీ ఆవిడ ఒంట్లో కణాలు పరుగెత్తుకొచ్చేస్తున్నాయి. చావడానికి తీరిక లేదు వాటికి. సగం బతికుండగానే పైకొచ్చి గుట్టపడుతున్నాయి."

పురుగు నుంచి తీసిన మందు ఒక చుక్క ఆ గిన్నెలో వేసింది. భార్యాభర్తలిద్దరూ నిలబడి చూశారు. కాసేపటికి పైనున్న కణాలు ఒకటొకటిగా తమ నడుమనున్న నల్లటి చుక్కను వదిలి, పలచబడి, పక్కపక్కన సర్దుకున్నాయి. సంత చెదిరి వరుస అయింది.

"అబ్బ!" అంది ఓబుళమ్మ.

వాసంతి కూడా కాసేపు తెర నుంచి కళ్ళు తీయలేదు. ఆమె అంత సంతోషపడగల మనిషని సుంకప్పకు అప్పుడే తెలిసింది.

"ఒకటే భయం" అంది తర్వాత. "ఈ మాట పైకణాలే వినాలి. అడుగున తల్లికణాలు ఉంటాయి. అవి కూడా విని చచ్చిపోతే కొత్త తోలు పుట్టదు. అట్లా జరగబోతే ముందు జ్వరం వస్తుంది. జ్వరం వస్తే ఆ పూటే నాకు చెప్పాలి. 'ఇక చాలు' అని చెప్పే రెండో సూది ఉంది. ఆ రోజే వేస్తే ఆగిపోతుంది. మర్నాడు వేస్తే ఆగదు. మనుషుల్లో మీరే మొదలు, అది కూడా చెప్తున్నాను. వద్దంటే వద్దు."

సుంకప్ప భార్య వైపు చూశాడు. ఓబుళమ్మ అప్పటికే రవికె చేయి పైకి మడుచుకుంది.

*

సూది వేశాక తోలు విడవడం మొదట నడుము దగ్గర మొదలైంది. వెండి అట్టలు అంచుల్లో లేచి, పొట్టు పొట్టుగా కాక ఒక్క రేకుగా విడిపోయాయి. కింద లేత ఎరుపు తోలు తేలింది. ఓబుళమ్మకు తిండి సయించలేదు, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని కూచునేది. ఎవరైనా పక్కన నడిచినా ఒళ్ళు జలదరించేది.

వాసంతి ఫోను చేసి అడిగింది. సుంకప్పకు ఎట్ల చెప్పాలో తెలియలేదు.

"జ్వరానికి కూచునింది మేడం."

"జ్వరమా?" వాసంతి గొంతు మారింది. "ఒళ్ళు కాలుతోందా?"

"అయ్యో, ఆ జ్వరం కాదు మేడం! పురుగు జ్వరం. తోలు విడుస్తాంది గదా. మా పురుగులు ఇట్లే కూచుంటాయి."

అటువైపు నవ్వు వినపడింది. పక్కనున్నవాళ్ళకు ఆ మాట చెప్పడం, వాళ్ళు నవ్వడం కూడా వినపడింది. ఆ రోజు నుంచి పరిశోధనశాలలో అందరూ అదే మాట అన్నారు. తోలు విడవడం అని అనేవాళ్ళే లేరు. వాసంతి ఫోను ఎత్తగానే అడిగేది, "ఏం సుంకప్పగారూ, జ్వరం లేచిందా?"

"లేచింది మేడం. రొండోది కూచునింది."

"మీ పురుగుల కంటే బుద్ధిగా ఉందే!"

ఇద్దరికీ ఆ మాట ముద్దొచ్చింది. ఊరి మాట ఒకటి తన నోట పలుకుతున్నందుకు ఆమెకు, తన మాట చదువుకున్నవాళ్ళ నోట పలుకుతున్నందుకు అతనికి.

ఒక్కో జ్వరమూ లేచేకొద్దీ ఓబుళమ్మ ఒళ్ళు తేటపడింది. మోచేతులు కనపడ్డాయి. పెళ్ళయిన కొత్తలో మోచేతి కింద ఉండిన పుట్టుమచ్చ, ఇన్నేండ్లూ పొట్టు కింద దాక్కున్నది, బయటపడింది. సుంకప్ప దాన్ని చూసి, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. ఓబుళమ్మ నవ్వింది. ఆ పొద్దే గడప దాటి షెడ్డులోకి వచ్చి, తట్టలో ఆకు పరిచింది.

తిప్పక్క వాకిట్లోంచి చూసింది. "చేతులు కడుక్కున్నావా?" అని మాత్రం అడిగింది.

ఓబుళమ్మ తన చేయి ఫొటో తీయించి కూతురికి పంపింది. గౌరమ్మే ఫోను చేసింది.

"ఫొటోలో ఎవరి చెయ్యో ఏం తెలుస్తుంది? అమాస పోనీ. నేనే వచ్చి కంటితో చూసి, పాపను వదిలిపోతా."

*

తర్వాతి పంట పురుగులు నాలుగో జ్వరానికి కూచున్న రోజునే ఓబుళమ్మ కూడా పడుకుంది. సుంకప్ప తట్టల మీద సున్నం చల్లి ఇంట్లోకి వచ్చేసరికి ఆమె చాప మీద వెల్లకిలా పడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేయి వేసి చూస్తే కాలుతోంది. పెనం మీద చేయి పెట్టినట్టుంది. మేడం చెప్పిన మాట అతనికి గుర్తుంది. మరిచిపోయే మనిషి కాదు. అప్పటికప్పుడే ఫోను తీశాడు.

పరిశోధనశాలకు ఆరోజు పైనుంచి పెద్దలు వచ్చి ఉన్నారు. వాసంతి వాళ్ళకు గిన్నెలు చూపిస్తూ మాట్లాడింది.

"మేడం, జ్వరం వచ్చింది."

"వచ్చిందా! ఎన్నోది ఇది?"

"నాలుగోది మేడం. ఈసారి గట్టిగా వచ్చింది. శానా గట్టిగా."

"పెద్ద జ్వరమన్నమాట" అంది వాసంతి. పక్కనున్నవాళ్ళకు ఇంగ్లీషులో ఏదో చెప్పింది. వాళ్ళు సంతోషంగా ఏదో అన్నారు. "చాలా మంచిది సుంకప్పగారూ. మేం ఎదురుచూస్తున్నదే ఇది. దీంతో అయిపోతుంది."

"మంచిదేనా మేడం? ఏం చెయ్యల్ల మేము?"

"మీకు నేను చెప్పాలా? మీ పురుగులకు ఏం చేస్తారో అదే చేయండి. కదిలించకండి. రేపు నేనే ఫోను చేస్తాను."

సుంకప్ప ఫోను జేబులో పెట్టుకున్నాడు. గుండె కుదుటపడింది. మంచిదని అంత చదివిన మనిషే అంది. అతను కిటికీ మూశాడు. వాకిలికి గోనెసంచి వేలాడగట్టాడు. చాప చుట్టూ సున్నం చల్లాడు. అన్నం గిన్నె తీసి బయట పెట్టాడు. జ్వరంలో ఉన్న పురుగుకు తడి తగలకూడదు, మేత పడకూడదు. ఈ పని అతనికి చిన్నప్పటి నుంచీ వచ్చు.

"నీళ్ళు" అంది ఓబుళమ్మ.

"కొంచెం ఓర్చుకోమే. లేచినాక తాగుదువు."

"నీళ్ళియ్యప్పా."

"మేడం కదిలించొద్దనింది. ఇది పెద్దది. దీంతో అయిపోతుందంట. పాప వస్తుంది."

పాప మాట వినగానే ఆమె నోరు మూసుకుంది. మళ్ళీ అడగలేదు.

తిప్పక్క వాకిట్లో గోనె పక్కకు తీసి తల లోపల పెట్టింది. ఆవిరి కొట్టినట్టయింది ఆమెకు. "రే సుంకా, దాని ఒళ్ళు కాలిపోతాంది. మనిషికీ పురుక్కూ తేడా లేదురా నీకు?"

"ఇన్నాళ్ళు దాన్ని పురుగనింది ఎవురక్కా? నువ్వే గదా?"

తిప్పక్క గోనె వదిలేసి వసారాలోకి పోయింది. తమ్ముడు షెడ్డుకు పోయినప్పుడు చెంబుతో నీళ్ళు తీసుకుని లోపలికి వచ్చిందట. ఓబుళమ్మ తాగలేదట. తల అడ్డంగా ఊపిందట. తర్వాత తిప్పక్క చెప్పింది ఈ మాట.

మర్నాడు షెడ్డులో పురుగులు జ్వరం లేచాయి. పాత తోళ్ళు సున్నంలో పడి ఉన్నాయి, పురుగులు తల ఆడిస్తూ ఆకు వెతుకుతున్నాయి. సుంకప్ప సంతోషంగా ఇంట్లోకి వచ్చాడు. "లెయ్ మే, లెయ్" అంటూ ఆమె రెండు భుజాల కింద చేతులు వేసి ఎత్తాడు.

ఆమె లేచింది. వీపు లేవలేదు. ఆ తోలు చాపకు అంటుకుని ఉండిపోయింది.

ఆమె అరవలేదు. అరిచింది సుంకప్ప.

*

"ఒళ్ళు ఇంత కాలుతుంటే నాకెందుకు చెప్పలేదు?" అంది సుంకప్ప ఇంటికి పరుగున వచ్చిన వాసంతి, థర్మామీటరు వెలుతురుకెత్తి చూస్తూ. రెండో సూది అప్పటికే వేశారు. మూలన నిలబడ్డ ఇంకో డాక్టరు అది ఎందుకు వేశారన్నట్టు నేల చూస్తున్నాడు.

"చెప్పినా గద మేడం" అన్నాడు సుంకప్ప. "జ్వరమొచ్చిందని చెప్పినా. ఫోను చేసి చెప్పినా."

ఆ మాట వాసంతికి చేరడం సుంకప్ప కళ్ళారా చూశాడు. ముఖంలో ఒక్కో చోటా నెత్తురు దిగిపోయింది.

ఓబుళమ్మను అరటాకుల మీద పడుకోబెట్టారు. దుప్పటి వేయడానికి వీల్లేదు. ముఖం ఒక్కటే మిగిలింది. అది మాత్రం చక్కగా ఉంది. మచ్చ లేదు, పొట్టు లేదు. పెళ్ళినాటి ముఖం.

"అమాస పోయిందా?" అని అడిగింది.

"పోలేదు."

"గౌరమ్మ వచ్చినప్పుడు ముఖం చూపియ్. కిందికి చూపొద్దు."

సాయంత్రం లోపల ఆమె పోయింది.

ఒళ్ళు కడగడానికి వచ్చిన ఆడవాళ్ళు చేయి పెట్టే చోటు లేక వెనక్కి తగ్గారు. తిప్పక్క ఒక్కతే కూచుని, పాత పట్టుబట్ట నీళ్ళలో ముంచి, అద్ది అద్ది కడిగింది.

*

దినాలకు ముందు సుంకప్ప పరిశోధనశాలకు పోయాడు.

"మేడం, ఆ పొద్దు మోచేతికాడ గోరంత తోలు తీసినారు. అది ఇచ్చేయండి. ఓబుళమ్మను వాళ్ళమ్మ పక్కనే గుంతలో పెట్టినాం. మనిషిని అంతా ఒకచోటే పెట్టల్ల."

వాసంతి అతన్ని లోపలికి తీసుకుపోయింది. గాజు పెట్టెలో, గోరువెచ్చటి వెలుతురులో, గిన్నె ఉంది. గోరంత తోలు అరచేయంత అయింది. నున్నగా, లేత గోధుమరంగులో ఉంది. దాని అంచున కంటికి ఆనీ ఆనని పొట్టు, మామూలు మనుషులకు రాలేటంత, రాలి ఉంది.

"ఇది బతికుందా?"

"బతికే ఉంది. రోజూ పైన కొంచెం చస్తుంది, అడుగున కొంచెం పుడుతుంది. ఎట్లా ఉండాలో అట్లా."

సుంకప్ప వంగి చూశాడు. పెట్టె మూత మీద అతని ఊపిరి తగిలి మసక వేసింది. చేత్తో తుడిచాడు.

"దీనికి జ్వరం రాలేదా?"

"వచ్చింది" అంది వాసంతి నెమ్మదిగా. "పెట్టె వేడి కొలిచే యంత్రం ఉంది. అదే గంట కొట్టింది. ఆ పూటే రెండో మందు వేశాం."

"మాకు యంత్రం ఇయ్యలేదు గదా మేడం."

"థర్మామీటరు ప్రతి ఇంట్లో ఉంటుందనుకున్నాం. ఇప్పుడు మందు తీసుకునేవాళ్ళందరికీ ఇస్తున్నాం. తోలు విడవడానికి జ్వరమనే మాట కూడా తీసేశాం. ఇక్కడ ఎవరూ వాడరు."

"ఇది ఇచ్చేస్తారా?"

"ఇవ్వలేను సుంకప్పగారూ. దీంట్లోంచే మిగతావాళ్ళకు మందు సరిచేస్తున్నాం. ఎంతోమంది ఉన్నారు, మీ ఆవిడలాంటివాళ్ళు. దీన్ని చంపితే మళ్ళీ మొదటికి వస్తాం."

సుంకప్ప పెట్టె మూత మీద తన వేళ్ళ గుర్తులు పడ్డాయని చూసి, పైపంచె కొసతో వాటిని కూడా తుడిచి, బయటికి వచ్చాడు.

*

దినాల నాడు గౌరమ్మ వచ్చింది. కొడుకునూ, నిండుకడుపుతో ఉన్న భాగ్యనూ వెంటబెట్టుకుని వచ్చింది. గడప దాటి లోపలికి వచ్చి, తిప్పక్క ఇచ్చిన చెంబెడు నీళ్ళూ తాగింది. గదులన్నీ తిరిగి చూసింది.

వాసంతి కూడా వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. ఎవరూ పొమ్మనలేదు. వసారా చివర నిలబడింది.

"అన్నా" అంది గౌరమ్మ, ఇస్తరాకుల ముందు అందరూ కూచుంటుండగా. గొంతులో ఏ కల్మషమూ లేదు. "పాపను ఇక్కడే వదిలిపోతా. పురుడు ఇక్కడే పోసుకోనీ. ఇంగ మాకేం అభ్యంతరం లేదు. వదిన పడుకున్న ఆ గది ఒక్కటి బాగా కడిగిస్తే చాలు."

భాగ్య తండ్రి వైపు చూసింది. తండ్రి ఆకు మీద నీళ్ళు చిలకరించుకుంటున్నాడు.

తిప్పక్క సంగటి ముద్దలు వడ్డించుకుంటూ వచ్చింది. గౌరమ్మకు వేసింది. అల్లుడికి వేసింది. భాగ్యకు వేసి, ఒక క్షణం నిలబడి, పక్కన ఇంకొంచెం వేసింది. వసారా చివరి దాకా పోయి, వాసంతి ముందు కూడా ఆకు పరిచి ముద్ద పెట్టింది. వాసంతి కూచుంది.

సుంకప్ప ముద్ద తుంచి పులుసులో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. అది చూసి మిగిలినవాళ్ళూ తినసాగారు. గౌరమ్మ పులుసు కోసం చేయి చాపింది, తిప్పక్క పోసింది. భాగ్య ఎడమచేయి కడుపు మీద పెట్టుకుని, వంచిన తల ఎత్తకుండా, కుడిచేత్తో తింటూనే ఉంది. ఆకులో పెట్టినదంతా తినింది.